‘క్లోవిస్’ నామ నిర్వచనము: శ్రుత శబ్దము – ఉదాత్త స్వరము

ఉపక్రమము

నామములన్నియు ఆఖ్యాతజములే యని శాకటాయనుడును నైరుక్తులును పలుకగా, అన్నియు అట్టివి కావని గార్గ్యుడును వైయాకరణులలో కొందఱును పలికిరని యాస్కాచార్యులు నిరుక్తమున తెలిపియున్నారు. వ్యక్తినామముల విషయమున ఈ వివాదము మఱింత క్లిష్టమగుచున్నది. పతంజలి మహర్షి శబ్దప్రవృత్తిని జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా భేదములచే నాలుగు విధములుగా విభజించి, పెట్టినవాని యిచ్ఛ తప్ప వేఱు నిమిత్తము లేని పేళ్లకు యదృచ్ఛా శబ్దములను వర్గమున చోటిచ్చిరి. డిత్థ, డవిత్థాది శబ్దములు మన శాస్త్రగ్రంథములలో వీనికి ప్రసిద్ధోదాహరణములు. అట్లయినచో వ్యక్తినామమునకు అర్థవిచారము నిష్ప్రయోజనమా? కాదు. పేరు పెట్టువాడు అర్థమును తలపకపోవచ్చును. కాని ఆ పేరు మొట్టమొదట పుట్టిననాడు దాని యవయవములకు అర్థముండెను. ఆ యర్థమును వెదకుటకు మార్గమేది, ఆ మార్గమున పొరపడకుండ నడచుట యెట్లు అనునదియే ఈ వ్యాసమున విచార్యాంశము.

ఉదాహరణముగా గ్రహించినది మన దేశపు పేరు కాదు. ఐరోపా ఖండమున ఫ్రాంకు జాతికి క్రీ.శ. 481 ప్రాంతమున రాజై, 511లో పారిస్ నగరమున మరణించిన క్లోవిస్ అను నతని పేరు. దీనిని గ్రహించుటకు మూడు కారణములు కలవు. ఈ నామమునందలి పూర్వపదము మన ‘శ్రుత’ శబ్దమునకు సోదరము. ఆ పూర్వపదమునందలి యొక హల్లు వేదస్వరము నాశ్రయింపక సమర్థింపబడదు. మూడవ కారణము నా స్వంతము. అధ్యాపకుడనుగా నున్న దినములలో ఈ పేరునకు తరగతిలో నేనొక నిర్వచనము చెప్పితిని. అందు సగము తప్పు. దానిని బహిరంగముగా సవరించుకొనుట నా విధి యని భావించుచున్నాను.

నామధారి – నామరూపములు

ఫ్రాంకులు జర్మానిక భాషాశాఖకు చెందిన జనులు. రైను నది దిగువ తీరములందు నివసించుచు, క్రీస్తు తరువాత 5వ శతాబ్దమున రోమక ప్రభుత్వము క్షీణింపగా గాల్ దేశమున అధికారమును వహించిరి. నేటి ఫ్రాన్సు దేశమునకు ఆ పేరు వీరి వలననే కలిగినది. క్లోవిస్ తండ్రి చిల్డెరిక్. ఇతని సమాధి 1653లో నేటి బెల్జియమునందలి టూర్నే పట్టణమున బయల్పడెను. అతని పేరును రాజబిరుదమును చెక్కిన ముద్రాంగుళీయకము అందు లభించినది. క్లోవిస్ 486లో స్వాసన్ వద్ద సియాగ్రియుస్ అను రోమక పాలకుని జయించెను. తరువాత రేన్స్ నగరమున రెమిజియుస్ అను బిషపుచేత క్రైస్తవ దీక్షను పొందెను. ఇతని చరిత్రమును 6వ శతాబ్దమున టూర్ నగర బిషపైన గ్రెగొరీ లాటిను భాషలో విస్తరముగా వ్రాసెను.

‘క్లోవిస్’ అనునది ఉత్తరకాలపు ఫ్రెంచి రూపము. ప్రాచీన లాటిను లేఖనములందు కనబడు రూపము ‘ఖ్లోదొవేఖుస్’. ఇందు తుది ‘ఉస్’ లాటిను విభక్తి ప్రత్యయము. దానిని తొలగించిన మిగులునది ‘ఖ్లోదొవేఖ్’. మొదటి ‘ఖ’కారమును మన వర్గద్వితీయాక్షరమని భ్రమపడరాదు. ఫ్రాంకుల భాషలో కంఠమునుండి బలముగా వెలువడు హకారమొకటి యుండెను. లాటినులో దానికి సరియైన ధ్వని లేమిచే లేఖకులు రెండక్షరములను కలిపి యొక గుర్తు నేర్పఱచుకొనిరి. కావున అసలు ఉచ్చారణము ‘హ్లోదొ’ లేక ‘హ్లుదొ’ అనుటకు సమీపముగా నుండెను. దీనికి నిదర్శనము కలదు. ఇటలీ నేలిన గోథిక రాజు థియొడొరిక్ పక్షమున కాసియొడోరుస్ వ్రాసిన లేఖలలో ఈ రాజే ‘లుదుయిన్’ అని సంబోధింపబడెను. అనగా ఆ తొలి హకారము పరభాషీయుల చెవికి కొన్నిచో వినబడనే లేదు.

9వ శతాబ్దమున ఈ నామమే ‘హ్లుదొవికుస్’ అని వ్రాయబడెను. అనంతరము హకారము పూర్తిగా లోపించి ‘లుదొవీకుస్’ అయ్యెను. అదియే జర్మనులో లుడ్విగ్, ఫ్రెంచిలో లూయీ, ఇటాలియనులో లుయీజి, స్పానిషులో లుయీస్, హంగేరియనులో లాయోష్. ఫ్రాన్సు రాజులలో లూయీ నామధారుల సంఖ్య 18 వఱకు సాగినది. కాని అదే పేరు గల క్లోవిస్ ఆ సంఖ్యలో చేరలేదు. 1757లో బొబ్బిలి యుద్ధమున మన గడ్డపై ఫిరంగులు మ్రోగించిన బుస్సీ కొలిచిన ప్రభువు 15వ లూయీ. ఆ లూయీ నామమును, ఫ్రాంకు రాజైన క్లోవిస్ నామమును, సంగీతకర్త బీథోవెన్ పేరునందలి లుడ్విగ్ శబ్దమును వేర్వేఱుగా చదివిన విద్యార్థికి ఈ మూడును ఒక్కటే పేరని తోచదు.

ప్రాచీనులు చేసిన నిర్వచనములు

పేళ్లకు నిర్వచనము చెప్పు కుతూహలము మనకే పరిమితము కాదు. 6వ శతాబ్దమున వెనాంటియుస్ ఫోర్తునాతుస్ అను లాటిను కవి, క్లోవిస్ మనుమడగు చిల్పెరిక్ రాజును స్తుతించుచు, ఆ పేరును ఫ్రాంకు భాష నెఱిగినవాడు విడమఱచినచో ‘బలవంతుడగు సహాయకుడు’ అని యర్థమగునని తెలిపెను. ఇది సరియైన నిర్వచనమే. ఆ పేరున ‘హిల్ప్’ అనగా సహాయము, ‘రిక్’ అనగా బలవంతుడు, ప్రభువు. ఇందును తొలి ధ్వని హకారమే యని గమనింపదగును.

9వ శతాబ్దమున ఎర్మోల్దుస్ అను మఱియొక కవి వృత్తాంతము మనకు మఱింత ఉపయుక్తము. ఇతడు షార్లమేన్ చక్రవర్తి కుమారుడగు లూయీ ఆగ్రహమునకు గుఱియై స్ట్రాస్‌బర్గ్ నగరమున ప్రవాసదండన మనుభవించుచు, ప్రభువు ననుగ్రహమును కోరి ఆతనిపై దీర్ఘకావ్యమును రచించెను. అందు ఆ రాజు పేరునకు రెండు వ్యుత్పత్తులు చెప్పెను. మొదటిది లాటినులో ‘క్రీడించుట’ అను నర్థము గల ‘లూదెరె’ ధాతువు నుండి. శాంతిని నెలకొల్పి ప్రజలను ఆటపాటలతో నుండజేయువాడని తాత్పర్యము. రెండవది ఫ్రాంకు భాష ననుసరించి: ‘హ్లుతో’ అనగా ప్రసిద్ధము, ‘విగ్’ అనగా మార్స్, అనగా రోమకుల యుద్ధదేవత.

ఈ రెండింటిలో మొదటిది కేవల శబ్దసామ్యముపై నిలిచినది. వినుటకు ఇంపుగా నున్నది, రాజస్తుతికి అనుకూలించినది, కాని నిజము కాదు. రెండవది ఆ భాష మాటలాడువాని జ్ఞానము. నిరుక్తమున యాస్కాచార్యులు అర్థమునే ప్రధానముగా గ్రహించి, అవసరమైనచో అక్షరవర్ణ సామ్యమాత్రముచేతనైనను నిర్వచింపవలెనని యనుమతించిరి. అది వేదార్థము తెలియగోరువానికి, అర్థము సంప్రదాయముచే ముందే పరిచితమైనచోట, చెప్పిన మార్గము. అర్థమే యెఱుగని పరభాషా నామమున ఆ యనుమతిని వాడుకొన్నచో ఎర్మోల్దుస్ మొదటి వ్యుత్పత్తి వంటివే ఫలించును. అచట మనకు రక్షకమైనది వర్ణపరిణామ నియమ మొక్కటియే.

పూర్వపదము: హ్లుద – శ్రుత

1786లో కలకత్తా నగరమున సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఏకమూలమునుండి జనించియుండవలెనని ప్రకటించెను. ఆ సంబంధమునకు నియమబద్ధమైన రూపము తరువాతి వారివలన కలిగినది. డెన్మార్కు దేశీయుడగు రాస్క్ 1818లోను, జర్మనీ దేశీయుడగు యాకోబ్ గ్రిమ్ 1822లోను జర్మానిక భాషలలోని హల్లుల మార్పులను క్రమముగా నిరూపించిరి. ఆ నియమమున మనకు కావలసిన భాగము రెండు మాటలలో చెప్పవచ్చును. మూలభాషలోని కకారము జర్మానిక భాషలలో హకారమగును. అందలి తకారము, నాలుకకొనను దంతములకు తాకించి పలుకు ఊష్మమగును. ఆంగ్లమున ‘థింక్’ అను పదమునకు ఆదియందున్న ధ్వని యిదియే.

మూలభాషలోని తాలవ్య కకారము సంస్కృతమున శకారమైనది. గ్రీకు లాటినులలో కకారముగనే నిలిచినది. జర్మానికమున హకారమైనది. మన ‘శతమ్’, లాటిను ‘కెంతుమ్’, ఆంగ్ల ‘హండ్రెడ్’ చూడుడు. మన ‘శ్వన్’, గ్రీకు ‘కుయోన్’, జర్మను ‘హుండ్’ చూడుడు. ఇదే క్రమమున మన ‘శ్రుత’, గ్రీకు ‘క్లుతోస్’, లాటిను ‘ఇన్‌క్లుతుస్’ అనుదాని యందలి ‘క్లుతుస్’, జర్మానిక ‘హ్లుద’ ఒక్క వరుసలో నిలుచును. గ్రీకు, లాటిను శబ్దములు రెంటికిని ప్రసిద్ధుడు, కీర్తిమంతుడు అనియే యర్థము. ఆంగ్లమున బిగ్గఱ యనుటకు చెప్పు ‘లౌడ్’ శబ్దము కూడ దీర్ఘోకారముతో నుండిన యీ కుటుంబపు పదమే.

రేఫమునకు బదులు లకారమేల యని శంక కలుగవచ్చును. ర-లలకు అభేదమను సంప్రదాయము మనకు క్రొత్త కాదు. అంతకంటె బలమైన సాక్ష్యము సంస్కృతముననే కలదు. ‘శ్లోక’ శబ్దము శ్రుధాతు సంబంధియే. దానికి పద్యమను నర్థముతోబాటు కీర్తి యను నర్థమును కలదు. నలమహారాజును పుణ్యశ్లోకుడందుము గదా. శ్రుధాతువు లకారముతో నుండిన పూర్వావస్థను ఈ ‘శ్లోక’ శబ్దము మనయింటనే దాచియుంచినది.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. హ్లుద శబ్దము శ్రుత శబ్దమునుండి పుట్టినదని చెప్పరాదు. శకారము హకారమై ఫ్రాంకుల భాషకు చేరలేదు. రెండును ఒక తల్లి బిడ్డలు. సంస్కృతమును తల్లిగా చెప్పుటచే దాని గౌరవము హెచ్చదు, అక్క యని చెప్పుటచే తగ్గదు.

దకారమేల?

ఇప్పుడు అసలు చిక్కు. గ్రిమ్ నియమము ననుసరించి ‘క్లుత’లోని తకారము దంత్యోష్మము కావలెను. కాని ఫ్రాంకుల నామమున దకారము కనబడుచున్నది. ‘హ్లుథ’ రావలసినచోట ‘హ్లుద’ యేల వచ్చెను? ఇట్టివి మఱికొన్ని కలవు. సంస్కృతమున భ్రాతృ, పితృ, మాతృ శబ్దములు మూడింటియందును తకారమే యున్నది. కాని ప్రాచీనాంగ్లమున సోదరవాచకమున ఊష్మమును, తల్లిదండ్రుల వాచకములందు దకారమును కనబడును. నేటి జర్మనులో అవి ‘బ్రూడర్’ అనియు ‘ఫాటర్’, ‘ముట్టర్’ అనియు భిన్నహల్లులతో నిలిచియున్నవి. నేటి ఆంగ్లమున మూడును ఒకే ధ్వనితో నుండుట తరువాతి కాలపు మార్పు. ఒకే తకారము ఒకచోట ఒకటిగను మఱియొకచోట వేఱొకటిగను మాఱుటకు హేతువు అర్ధశతాబ్దము పాటు తెలియరాలేదు. అపవాదములని వ్రాసి యూరకుండిరి.

ఆ హేతువును కనుగొన్నవాడు డెన్మార్కు దేశీయుడగు కార్ల్ వెర్నెర్ (1846–1896). ఒకనాటి మధ్యాహ్నము నిద్ర రాక బోప్ పండితుని తులనాత్మక వ్యాకరణమును చేతబట్టి తెఱవగా సంస్కృత ‘పితర్’, ‘భ్రాతర్’ శబ్దములు స్వరచిహ్నములతో కంటబడెనని ఆయనయే తెలిపెను. ‘భ్రాతర్’ శబ్దము ఆద్యుదాత్తము. ‘పితర్’, ‘మాతర్’ శబ్దములు అంతోదాత్తములు. తకారమునకు అవ్యవహిత పూర్వమందున్న అచ్చు ఉదాత్తమైనచో జర్మానికమున ఆ హల్లు అఘోషముగా, అనగా ఊష్మముగనే, నిలిచినది. పూర్వమందలి అచ్చు ఉదాత్తము కానిచో ఆ హల్లు ఘోషవంతమై దకారమైనది. అపవాదమనుకొన్నది నియమమే యయ్యెను. ఈ సిద్ధాంతము 1877 నాటి పత్రికా సంపుటమున ప్రకటితమై భాషాశాస్త్ర మార్గమునే మార్చినది.

ఈ నియమమును మన నామమునకు అన్వయింతము. ‘శ్రుత’ శబ్దమున శ్రుధాతువునకు క్త ప్రత్యయము వచ్చినది. ప్రత్యయము ఆద్యుదాత్తమని పాణిని మహర్షి సామాన్యవిధి. కావున ‘త’ ఉదాత్తము, ‘శ్రు’ అనుదాత్తము. గ్రీకు ‘క్లుతోస్’ కూడ అంత్యాక్షరముననే స్వరమును వహించుచు సాక్ష్యమిచ్చుచున్నది. తకారమునకు ముందున్న ఉకారము ఉదాత్తము కాదు గనుక జర్మానికమున ఆ తకారము దకారమైనది. ‘హ్లుద’ సిద్ధించినది. శతశబ్దమును అంతోదాత్తమే. ‘హండ్రెడ్’ నందలి నకారము వెనుకనున్న దకారమునకు హేతువు కూడ అదియే.

మన ప్రాంతమున వేదాధ్యయనము చేసినవారికి దీనిని చూపుటకు దూరము పోనక్కఱలేదు. నమకమున ఆఱవ యనువాకము చివర రుద్రునకు శ్రుతుడనియు శ్రుతసేనుడనియు పేళ్లు కలవు. అందు ‘శ్రుత’ శబ్దమునకు చతుర్థి వచ్చినచోట ‘శ్రు’ను తగ్గించి ‘తా’ను నిలిపి పలుకుట తైత్తిరీయాధ్యాయి ప్రతివాడు ఎఱుగును. పాఠశాలలో గురువుగారు నా తలపై చేయి వేసి, అనుదాత్తమున వంచుచు, స్వరితమున ఎత్తుచు నేర్పిన దినములు నాకు గుర్తున్నవి. ఆ స్వరము వలన పుణ్యమని తెలియును, స్వరదోషము వలన అనర్థమని త్వష్ట చేసిన ‘ఇంద్రశత్రు’ ప్రయోగము వలన తెలియును. ఎన్నడును చూడని యొక ఖండమున, వేదమను మాటయే యెఱుగని యొక రాజు పేరునందలి హల్లునకు ఆ స్వరమే హేతువగునని అప్పుడు తెలియదు. ఫ్రాంకులు మొదలగు జర్మానిక జనులు తరువాతి కాలమున పదాది యచ్చుననే బలముగా పలుక నారంభించి ప్రాచీన స్వరమును పోగొట్టుకొనిరి. వారు పోగొట్టుకొన్నదాని జాడ వారి దకారమున మిగిలినది. ఆ జాడను చదువుటకు సాధనము మన అధ్యేతల కంఠమున నిలిచినది.

ఉత్తరపదము: నా పొరపాటు

ఇక రెండవ పదము. తరగతిలో నేను చెప్పినది ఇట్లున్నది: లుడ్విగ్ అనగా ‘శ్రుతవిజయ’, ‘విగ్’ అనునది ‘విజయ’ శబ్దమే, జకారము గకారముగా మాఱినది. విద్యార్థులు సంతోషముతో వ్రాసికొనిరి. వారిలో కొందఱు పరీక్షా పత్రములందును దానిని వ్రాయగా నేను మార్కులు వేసితిని. మొదటి సగము సరియైనందున రెండవ సగమును నేను శంకింపలేదు. సగము సత్యము మోసినంత అసత్యమును పూర్తి అసత్యము మోయలేదు.

దోషము ఎచటనున్నది? మొదట ‘విజయ’ శబ్దము అఖండము కాదు. ‘వి’ ఉపసర్గము, ‘జి’ ధాతువు. ‘వీగ్’ అనునది అట్టి రెండు ఖండములు కాక ధాతువే. రెండవది, వర్ణనియమము. సంస్కృతమున జకారమున్నచోట జర్మానికమున కకారము వచ్చును. జీవ – ‘క్విక్’ (ప్రాచీనార్థము ప్రాణముగలది), జని – ‘క్వీన్’ (ప్రాచీనార్థము స్త్రీ), జాను – ‘నీ’ (నేటికిని లిపిలో మొదట కకారమున్నది), జ్ఞా – ‘నో’ (దీనియందును అట్లే). కావున ‘జి’ ధాతువునకు ప్రతిగా గకారము వచ్చుటకు అవకాశమే లేదు. నా నిర్వచనము ఎర్మోల్దుస్ మొదటి వ్యుత్పత్తి వంటిది: ఇంపైనది, నిరాధారమైనది.

సరియైన సంబంధము వేఱు. ‘వీగ్’ అనగా యుద్ధము. గోథిక భాషలో యుద్ధము చేయుట యను నర్థమున ‘వీహన్’ అను క్రియ కలదు. లాటినున ‘జయించుచున్నాను’ అను ‘విన్‌కో’ దీనికి జ్ఞాతి. అందలి కకారమునకు గ్రిమ్ నియమముచే గోథికమున హకారమును, వెర్నెర్ నియమముచే ‘వీగ్’ నందు గకారమును కలిగినవి. పూర్వపదమున తకారమును దకారముగా చేసిన నియమమే ఉత్తరపదమున ఈ గకారమును సమర్థించుచున్నది. ప్రాచీన లేఖనమగు ‘వేఖ్’ రూపమును బట్టి, పవిత్రమను నర్థము గల వేఱొక పదమును ఇచట గ్రహించు పక్షమును కలదు. క్లోవిస్ పితామహుడగు మెరొవేఖ్ పేరునందలి ఉత్తరపదము ఆ పక్షమునకు ఆలంబనము. కాని 9వ శతాబ్దము నాటికే, ఆ భాషీయుల బుద్ధిలో, అది యుద్ధవాచకమే యని ఎర్మోల్దుస్ వాక్యము సాక్ష్యమిచ్చుచున్నది. బహుపండిత సమ్మతమును అదియే.

సమాసార్థము – నామసంప్రదాయము

‘హ్లుద-వీగ్’ ఏ సమాసము? యుద్ధమునందు ప్రసిద్ధుడు అని సాధారణముగా వ్రాయుదురు. అట్లు సప్తమీ తత్పురుషము గావలెనన్నచో యుద్ధపదము పూర్వమందుండవలెను. ప్రసిద్ధమైన యుద్ధము అని కర్మధారయము చేసినచో పురుషుని చెప్పదు. కావున ఎవని యుద్ధము శ్రుతమో, అనగా లోకమున వినబడుచున్నదో, అతడు అని బహువ్రీహి చెప్పుటయే యుక్తము. శత్రుఘ్నుని భార్యయగు శ్రుతకీర్తి పేరును, జనమేజయుని సోదరుడగు శ్రుతసేనుని పేరును ఇట్టి సమాసములే. క్లోవిస్ కుమారులలో ఖ్లోథర్ అనువాడొకడు. ఆ పేరున ‘హ్లుద’కు పరమైనది సేనావాచకమగు ‘హరి’ శబ్దము. అర్థముచే అతడు శ్రుతసేనుడు. రుద్రునకు నమకమున చెప్పిన పేరును ఫ్రాంకు రాజపుత్రుని పేరును, పూర్వపదమున శబ్దముచేతను అర్థముచేతను, ఉత్తరపదమున అర్థముచేతను ఏకీభవించుచున్నవి.

ఇట్టి ద్విపద నామములు గ్రీకులలోను, ఇరానీయులలోను, స్లావులలోను కలవు. ఋగ్వేదమున కనబడు సుశ్రవస్ నామము అవెస్తాలో ‘హఓస్రవహ్’. అదియే పారసీకమున ఖుస్రో యైనది. అమీర్ ఖుస్రో పేరు వినని వారు మన దేశమున అరుదు. ఆ పేరును క్లోవిస్ పేరును శ్రుధాతువు ద్వారా బంధువులని చెప్పిన ఆశ్చర్యముగా నుండును. కాని నియమము ననుసరించి నడచిన అదియే సిద్ధించును.

అయినను ప్రతి ఫ్రాంకు నామమునకును విగ్రహవాక్యము చెప్ప బూనుట సాహసము. వారిలో తల్లిదండ్రుల పేళ్లనుండి ఒక్కొక్క పదమును గ్రహించి శిశువునకు క్రొత్త పేరు కూర్చు ఆచారముండెను. క్లోవిస్ కుమారులలో ఒకడు ఖ్లోదొమేర్, ఆతని కుమారుడు ఖ్లోదొవాల్ద్. వంశపు గుర్తుగా ‘హ్లుద’ పదము సాగుచు వచ్చినది. ఇట్టి కూర్పులలో ‘హిల్దెగుంద్’ వంటి పేళ్లును ఏర్పడినవి. అందు ‘హిల్ద్’ యుద్ధమే, ‘గుంద్’ యుద్ధమే. యుద్ధయుద్ధ యని విగ్రహము చేసి ఏమి ప్రయోజనము? అచట అవయవార్థము లుప్తమై, వంశస్మృతి మాత్రమే నిలిచినది.

ఆ స్మృతికి మూల్యమెంతయో యొక చరిత్రాంశము తెలుపును. క్లోవిస్ వంశమును 751లో తొలగించి రాజ్యమును గ్రహించినది వేఱొక కుటుంబము. ఆ కుటుంబమున జన్మించిన షార్లమేన్‌నకు 778లో కవలలు కలిగిరి. తన తండ్రి తాతల పేళ్లను విడిచి, ఆ శిశువులకు అతడు పెట్టిన పేళ్లు లూయీ, లోథర్. అనగా క్లోవిస్, ఖ్లోథర్. లోథర్ శైశవముననే మరణింపగా లూయీ చక్రవర్తి యయ్యెను. తాము తొలగించిన వంశపు పేళ్లను ధరించి ఆ వంశపు గౌరవమునకు వారసులమని చాటుకొనుట అందలి తాత్పర్యము. అచట ఆ పేరునకు ‘ప్రసిద్ధ యుద్ధుడు’ అను అర్థము గౌణము. ‘ప్రాచీన రాజవంశీయుడు’ అనునదియే ముఖ్యము. యోగార్థము రూఢికి లోబడుట యనగా నిదియే. పతంజలి యదృచ్ఛా శబ్దమునకు చెప్పిన ‘పెట్టినవాని యిచ్ఛ’ కూడ కారణరహితము కాదని దీనివలన తెలియుచున్నది.

ఉపసంహారము

ఈ పరిశీలనమువలన తేలినది మూడంశములు. ఖ్లోదొవేఖ్ నామము ‘హ్లుద’, ‘వీగ్’ అను రెండు పదముల సమాసము, దానికి ‘శ్రుతమైన యుద్ధము గలవాడు’ అని యర్థము. పూర్వపదము మన శ్రుత శబ్దమునకు సోదరము, అందలి దకారము ప్రాచీన అంతోదాత్త స్వరమునకు ఫలము. ఉత్తరపదమునకు మన విజయ శబ్దముతో సంబంధము లేదు.

ఒకే ధాతువు రెండు దిక్కులకు నడచిన తీరును గమనింపదగును. వినబడినది యేదో అదియే శ్రుతము. ఫ్రాంకులలో వినబడినది యుద్ధము. అందుచే శ్రుత శబ్దము వీరుని పేరయ్యెను. మనలోను శ్రుతసేనాది నామములందు ఆ యర్థమే కలదు. కాని గురుముఖమున వినబడిన విద్య కూడ మనకు శ్రుతమే, వేదము శ్రుతి. అట్లు విని నిలుపుకొన్నందుననే ఆ శబ్దము స్వరముతో సహా నేటికి దక్కినది.

వేదార్థము గ్రంథము చూచి తెలిసికొనవచ్చును గదా, స్వరము నేర్చుటకు ఇన్ని సంవత్సరములేల యని విద్యార్థులు అడుగుట నేనెఱుగుదును. నేను వారికి శ్రద్ధను గూర్చి చెప్పుచుంటిని. ఇప్పుడు ఆ సమాధానముతోబాటు ఈ దకారమును గూర్చియు చెప్పెదను.

నా వద్ద ‘శ్రుతవిజయ’ యని వ్రాసికొన్న వారు నేడు అధ్యాపకులై యున్నారు. వారిలో ఎవరైనను ఈ పత్రికను చదివినచో, ఆ పంక్తిని కొట్టివేసి ‘శ్రుతయుద్ధ’ యని వ్రాసికొని, తమ విద్యార్థులకును అట్లే చెప్పవలెనని ప్రార్థించుచున్నాను. ఆనాడు వేసిన మార్కులు వారివే. తప్పు మాత్రము నాది.